ఇడ్లీ ఆటోగ్రాఫ్ బుక్కు

మొన్న మధ్యాహ్నం ఎల్బీనగర్‌ల మెట్రో ఎక్కితే, డబ్బా చివర్న బడిపిల్లలు ఒకటే లొల్లి. ఆఖరి పరీక్ష రాసి వస్తున్నట్టున్నరు. ఒకామె వీపును గోడలెక్క నిలవెట్టి, ఇంకొకామె తెల్ల అంగీ మీద స్కెచ్ పెన్నుతోని రాస్తున్నది. రైలు ఊగినప్పుడల్ల అక్షరం పక్కకు ఉరుకుతున్నది. "ఏం రాస్తున్నవే? చదువు, చదువు" అని ముందున్నామె మెడ తిప్పి తిప్పి అడుగుతున్నది. నా పక్కన కూసున్న పెద్దాయన ఉండలేక, "గిదంత ఉతకలేక మీ అమ్మ సస్తది బిడ్డా" అన్నడు.

"ఉతికేది గాదు తాతా, దాసుకునేది" అన్నది ఆ పిల్ల.

నేను దిల్‌సుఖ్‌నగర్‌ల దిగాలె. దిగలే. తలుపులు తెరుసుకున్నయి, మూసుకున్నయి, రైలు పోతనే ఉన్నది, నేను మాత్రం ఆ సీట్ల కూసొని ఎన్కకు పోయిన. తెలంగాణ కోసం ఊరంత రోడ్డు మీదికొచ్చిన ఆ దసరా ముందటి దినాలకు పోయిన.

మా కాలంల అంగీల మీద రాస్తే ఇంట్ల వీపు పగిలేది. మాకు ఆటోగ్రాఫ్ బుక్కులుండె. దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద, గాజులు, రబ్బరు బ్యాండ్లు అమ్మే బండ్ల నడుమ అవి అమ్మేటోళ్ళు. మెత్తని అట్ట, అట్ట మీద బొకే బొమ్మ, లోపల గులాబీ రంగువి, పసుపువి, లేత ఆకుపచ్చవి కాగితాలు. తెరిస్తే పౌడరు వాసన. మంచి దోస్తుకు గులాబీ పేజీ, మామూలు దోస్తుకు పసుపు పేజీ. ఎవలికి ఏ రంగు ఇచ్చినవో దాని మీదనే సగం కొట్లాటలు.

మేము ముగ్గురం. పేర్లెందుకు గని, హాజరు పిలిచేటప్పుడు తప్ప మా అసలు పేర్లు ఎవ్వలూ వాడకపోతుండె. ఒకామె ఇడ్లీ. వాళ్ళ అమ్మానాయిన తెనాలి దిక్కు నుంచి వచ్చి, బస్ డిపో ఎనక గల్లీల హాస్టల్ పిల్లలకు మెస్సు నడిపేటోళ్ళు. ఆమెకన్న ముందు ఆమె డబ్బాలున్న అల్లం పచ్చడి వాసన క్లాసులకు వచ్చేది. ఇంకొకామె పటాకి. సైదాబాద్ పిల్ల. ఏ మాటకు ఎప్పుడు పేలుతదో ఎవ్వలికీ తెల్వదు. నేను రేడియో. మా ఇల్లు మన్సూరాబాద్‌ల. నల్గొండ దిక్కు మా ఊరి నుంచి నాయిన బతుకుదెరువుకు వచ్చి లారీల ఆఫీసుల కుదిరిండు, ఎన్క మా నాయనమ్మ, ఆమె ఎన్క మా మామ, అందరం వచ్చినం. నన్ను రేడియో అని ఎందుకన్నరో ఈపాటికి మీకు సమజయ్యే ఉంటది.

కాలేజీ అంటే చెట్లు, మైదానం అనుకునేరు. కింద చెప్పుల దుకాణం, దాని మీద బట్టల దుకాణం, ఆ మీద మా ఇంటర్ కాలేజీ. కిటికీల నుంచి చూస్తే కోచింగ్ సెంటర్ల బ్యానర్లు తప్ప ఆకాశం కానొచ్చేది గాదు. గాలి కొత్తపేట దిక్కు నుంచి వీస్తే పండ్ల మార్కెట్ల బత్తాయిల వాసన మా ఫిజిక్స్ క్లాసులకు వచ్చేది. ఎండకాలం అయితే మామిడి వాసన. ఇప్పుడు ఆ మార్కెట్టు అక్కడ లేదు, ఆ వాసనా లేదు. ఫిజిక్స్ సార్ బోర్డు దిక్కు తిరుగుడే ఆలస్యం, మేము బెంచీ కింద డబ్బా మూత తీసేటోళ్ళం. ఒకసారి సార్ రాసుడు ఆపి, ఎన్కకు తిరగకుండనే, "అల్లం పచ్చడి ఎవరిదమ్మా?" అన్నడు. ఇడ్లీ డబ్బా పట్టుకొని లేచి నిలబడ్డది. సార్ వచ్చిండు, ఒక ఇడ్లీ తీసుకున్నడు, నోట్ల వేసుకున్నడు, "జర ఉప్పు తక్కువైంది" అని పోయి మల్ల రాసుడు షురూ చేసిండు.

ఉద్యమం వచ్చినంక మా బెంచీ మీదికి కూడ వచ్చింది. పటాకి వాళ్ళ అన్న యూనివర్సిటీల చదివేటోడు. ఆమె రోజుకొక పాట నేర్చుకొనొచ్చి, డస్టరుతోని బెంచీ మీద దరువేసుకుంట పాడేది. ఇడ్లీ కూడ వంత పాడేది. "నీకెందుకే?" అని ఎవలన్న అంటే, "రాగం బావుందే బాబూ, పాడొద్దా?" అనేది. పటాకి ఆమెకు యాస నేర్పేది.

"ఏంటి గాదే, ఏంది అను."

"ఏందీ..."

"అంత సాగదీస్తే తెనాలి పోతది. పొట్టిగ అను. ఏంది!"

"ఏంది! నీ లొల్లేంది!" అని ఇడ్లీ అంటే క్లాసంత బల్లలు గుద్దేటోళ్ళం.

తర్వాత సమ్మె మొదలైంది. బస్సులు డిపోలనే ఆగినయి. కాలేజీలు బందు. హాస్టల్ పిల్లలు దొరికిన జీపు, దొరికిన లారీ పట్టుకొని ఊర్లకు పోయిర్రు. దిల్‌సుఖ్‌నగర్ అసొంటి దిల్‌సుఖ్‌నగర్‌ల మధ్యాహ్నం పూట కుక్కలు రోడ్డు నడుమ పండుకున్నయి. తినేటోళ్ళు లేక మెస్సు మూతబడ్డది. ఒకనాడు నేను నడుసుకుంట పోయేసరికి ఇడ్లీ వాళ్ళమ్మ పెద్ద పెద్ద గుండిగలు బోర్లించి కడుగుతున్నది.

ఇడ్లీ నన్ను మెట్ల కిందికి గుంజుకపోయింది. "సోమవారం లారీ వస్తుందే. ఊరెళ్ళిపోతున్నాం. నాన్న అక్కడే ఏదో ఒకటి పెట్టుకుంటానంటున్నాడు."

"మల్ల పరీక్షలు?"

"అక్కడే చేరుస్తాడంట." ఎన్క దాసుకున్న సంచిలకెల్లి ఒక ఆటోగ్రాఫ్ బుక్కు తీసింది. కొత్తది. ఒక్క పేజీ కూడ రాసి లేదు. "మార్చిలో అందరిచేతా రాయించుకుందామని ముందే కొన్నాను. ఇప్పుడెవరున్నారే? అందరూ తలో దిక్కూ పోయారు."

ఆమె ఏడుస్తుందేమో అని భయమైంది నాకు. నేను ఏడుపు చూడలేను, ఏదో ఒక పని పెట్టుకోవాలె. బుక్కు ఆమె చేతులకెల్లి గుంజుకున్న.

"సోమారం లోపట నింపిచ్చి తెస్త. ఒక్క పేజీ ఖాళీ ఉన్నా నా పేరు రేడియో గాదు."

"బస్సుల్లేవు కదే, ఎట్టా తిరుగుతావు?"

"మా మామున్నడు!"

మా మామ అంటే అమ్మ తమ్ముడు. దిల్‌సుఖ్‌నగర్‌కు, ఎల్బీనగర్‌కు నడుమ షేర్ ఆటో నడిపేటోడు. సమ్మెల ఆయన ఆటో కూడ ఇంటి ముందటనే ఉన్నది, ముందట జెండా కట్టుకొని. నేను సంగతి చెప్పేసరికి మామ తుండుగుడ్డ దులిపి మెడకేసుకున్నడు. "కిరాయికి తిప్పొద్దన్నరు గని, కోడలును తిప్పొద్దనలే. ఎక్కు!"

మా నాయనమ్మ అరుగు మీద కూసొని వక్కలు కత్తిరిస్తున్నది. "ఏడికి పోతుర్రు?"

"దోస్తులతోని కవిత్వం రాపిచ్చుకరావాలె నాయనమ్మా."

"కాలేజీ బందువెట్టి కవిత్వాలా! ఏమున్నదో అండ్ల?"

"అందరి యాది ఉంటది."

"యాది బుక్కుల ఉంటదా బిడ్డా? మా ఊరి దోస్తులను చూసి నాకెన్ని ఏండ్లాయె, ఒక్కదాని కాగితం లేదు, అందరి మొకాలున్నయి" అన్నది. గని, మేము కదులుతుంటే, "నూనె రాసుకొని పో, ఎండ కొడుతున్నది" అని మల్ల పిలిచింది.

ఆ శనారం, ఐతారం మేము తిరిగిన తిరుగుడు ఇప్పుడు తలుసుకుంటే కూడ ఒళ్ళు ఝల్లుమంటది. రోడ్లన్ని ఖాళీ. మామ ఆటో గాలిల తేలినట్టు పోయింది. ఒక చౌరస్తల ధర్నా, ఇంకొక చౌరస్తల బతుకమ్మ. పోరలు ఆటోను ఆపేటోళ్ళు, మామ జెండా చూపెట్టేటోడు, నేను తల బయటికి పెట్టి "జై తెలంగాణ!" అని ఒర్లేదాన్ని, దారి ఇచ్చేటోళ్ళు. పెద్ద అంబర్‌పేట్ దాక పోయినం. అక్కడొక క్లాస్‌మేటు వాళ్ళ బర్ల కొట్టం కాడ పేడ ఎత్తుతున్నది. చెయ్యి కడుక్కొని, గడ్డిమోపు మీద బుక్కు పెట్టుకొని, నాలిక బయటపెట్టి రాసింది:

*బస్సుల సీటు దొరుకుతది, ఎంసెట్‌ల సీటు దొరుకుతది,*
*నీ పక్కన దొరికిన సీటు మల్ల ఏ కాలేజీల దొరుకుతది?*

"అబ్బో!" అన్నడు మామ. "గింత తెలివి పెట్టుకొని కెమిస్ట్రీ ఎట్ల ఫెయిలైనవ్ బిడ్డా?"

ఇంకొకామె రాసిన దానికి మేము ఆటోల తిరిగొచ్చేదాక నవ్వినం:

*పూలకు తుమ్మెద దోస్తు, వానకు గొడుగు దోస్తు,*
*నా బాటనీ రికార్డు తీసుకున్నవ్ గదా, అది యాడ పెట్టినవ్ దోస్తు?*

నాగోల్‌ల ఒకామె వాళ్ళమ్మ అటుకుల చుడువ పెట్టింది, ఇంకొకరింట్ల సర్వపిండి పెట్టిర్రు. మూడో ఇంట్ల కడుపుల జాగ లేదన్నా వినలే, సద్దుల బతుకమ్మకు చేసిన నువ్వుల పొడి పొట్లం కట్టిచ్చిర్రు. ఒక్కరు కూడ "ఆంధ్ర పిల్లకు మేమెందుకు రాయాలె" అనలే. గని, ఎట్ల పేలుతదో అని భయపడి, అందరికంటె ముందు పోవాల్సిన ఇంటికి నేను ఆఖరికి పోయిన. పటాకి ఇంటికి.

వాళ్ళన్న మంచం మీద కూసొని ఉన్నడు. కుడి చెయ్యికి పిండికట్టు. లాఠీచార్జిల ఇరిగిందట. నాకు ఆ సంగతే తెల్వదు. ఇంట్ల మందుల వాసన, వాళ్ళమ్మ మొకంల నెత్తురు చుక్క లేదు. ఊకునుడు నాకు రాదు గదా. బుక్కు తీసిన. గులాబీ పేజీ తెరిసిన.

పటాకి పేజీ దిక్కు చూసింది. "గీ టైముల బుక్కులు పట్టుకొని తిరుగుతున్నవా? మా అన్న చెయ్యి చూసినవా?"

"చూసిన."

"చూసి కూడ రాయుమంటున్నవా? నేనేం రాయాలె? క్షేమంగ పో, లాభంగ రా అని రాయాల్నా?"

మంచం మీదికెల్లి వాళ్ళన్న అన్నడు, "ఏయ్, నన్ను కొట్టింది ఆ పిల్లనా? మొన్నటి దాక ఆమె ఇడ్లీలు తిన్నవ్ గదనే."

"నువ్వు ఊకో అన్నా. నీకు నొప్పి చెయ్యిల ఉన్నది. నాకు యాడున్నదో నాకే తెల్వదు." అని లోపటికి పోయి తలుపేసుకున్నది.

నేను బయటికొచ్చి ఆటోల కూసున్న. మామ నా చేతులున్న ఖాళీ పేజీ చూసిండు. కొంచెం దూరం పోయినంక, "గా పేజీ గట్లనే ఉండని. చింపకు" అన్నడు.

సోమారం పొద్దున ఎల్బీనగర్ చౌరస్తల వంటావార్పు. అంటే ఏం లేదు, రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి, అక్కడనే వండి, అక్కడనే అందరు తినుడు. మా కాలనీ కాలనీ అంత పోయింది. నాయనమ్మ పొద్దుగాలనే తలంటుకొని, కొత్త చీర కట్టుకొని, చాట పట్టుకొని బయలెల్లింది, లగ్గానికి పోయినట్టు. నాకు మాత్రం కాళ్ళు నిలుస్తలేవు. లారీ మధ్యాహ్నం అని ఇడ్లీ చెప్పింది. అంత లోపట బుక్కు ఇయ్యాలె. మెయిన్ రోడ్డు జామైంది గదా అని, మామ సరూర్‌నగర్ లోపటి గల్లీలకెల్లి ఆటో తిప్పిండు.

మెస్సుకు పోయేసరికి తలుపుకు తాళం. వరండాల పాత క్యాలెండరు, ఒక ఇరిగిన పీట. గంతే. ఎదురింటి ఆమె బట్టలు ఆరేసుకుంట, "పొద్దుగాలనే పోయిర్రు గదమ్మా. రోడ్లు బందైతయని జల్ది తీసుకపోయిండు లారీ డ్రైవర్" అన్నది.

నా చేతుల బుక్కు ఉన్నది. నిండుగ రాసిన బుక్కు. ఎవలి కోసం రాసిర్రో ఆమె లేదు. ఆ మెట్ల మీదనే కూలబడ్డ. మామ బీడీ ముట్టిచ్చుకొని, రెండు దమ్ములు గుంజి, ఒక్కసారి దాన్ని పారేసిండు.

"పిచ్చి పిల్లా! ఏడుస్తవేందే? తెనాలికి పోయే లారీ ఏ దిక్కు పోవాలె?"

"ఎల్బీనగర్ దిక్కు."

"ఎల్బీనగర్‌ల ఇయ్యాల ఏమున్నది?"

నేను ఎగిరి లేచిన. వంట ఉడికి, అందరు తిని, చెయ్యి కడుక్కునేదాక ఆ చౌరస్త నుంచి ఏ బండి కదలది! "మామా, ఉరికియ్యి!" అని ఒర్లిన ఒర్లుడుకు ఎదురింటామె చేతుల బట్ట జారి కింద పడ్డది.

ఎట్ల పోయినమో తెల్వదు. చౌరస్తకు జర ఇవతల మామ ఆటో ఆపితే, నేను దిగి ఉరికిన. బండ్లు బారులు తీరి ఉన్నయి. గ్యాసు లారీ, ఇసుక లారీ, పెళ్ళి కారు, అండ్ల పెళ్ళికొడుకు బాసింగం తీసి విసురుకుంటున్నడు. ఇంకొంచెం ముందట, తాళ్ళతోని కట్టిన మంచాలు, బోర్లించిన గుండిగలు, వాటి మీద ఇడ్లీ పాత్ర! గా ఇడ్లీ పాత్రను నేను ఏడున్నా గుర్తుపడత.

"ఇడ్లీ!" అన్న. చుట్టుపక్కలోళ్ళంత నేను ఆకలికి ఒర్లుతున్న అనుకొని తిరిగి చూసిర్రు.

క్యాబిన్ కిటికీల నుంచి తల బయటికొచ్చింది. "ఏందే! నువ్వేందే ఇక్కడ!" అన్నది. పటాకి నేర్పినట్టే, పొట్టిగ అన్నది.

నేను లారీ మెట్టు మీద నిలబడి బుక్కు అందిచ్చిన. ఆమె దాన్ని ఛాతికి అదుముకున్నది. పక్కన వాళ్ళమ్మ, ఆమె పక్కన వాళ్ళ నాయిన. అంకుల్ మొకం చెమటలు పట్టి ఉన్నది. మెల్లగ అన్నడు, "అమ్మాయ్, గట్టిగా మాట్లాడకే. మా మాట వింటే తెలిసిపోద్ది. గొడవైపోద్ది." ఎప్పుడూ పిల్లలకు నెయ్యి వేసుకుంట గట్టిగ నవ్వే మనిషి. ఆయన అట్ల మెల్లగ మాట్లాడుడు అంతకు ముందు నేను ఎన్నడు వినలే.

అప్పుడే మా నాయనమ్మ బండ్ల నడుమకెల్లి వచ్చింది. నన్ను లెంకుకుంట వచ్చింది. లారీల ఉన్నోళ్ళను చూసింది. "మా పొల్ల దోస్తు గీమేనా? ఎండల డబ్బాల కూసున్నరేంది? దిగుండ్రి."

"ఫర్లేదండీ, మేం ఇక్కడే..." అన్నడు అంకుల్.

"ఏం ఫర్లేదు? రోడ్డు మీద వండేది రోడ్డు మీదున్న అందరికి. దిగుండ్రి. పిలిస్తే దిగకపోతే నాకు మంచిగనిపియ్యది." ఇగ ఆలోచన లేదు అన్నట్టు లారీ తలుపు గుంజింది. అంతల లారీ మీద సామాను దిక్కు చూసి, "గా గుండిగ మీదేనా? మాకు పప్పుకు గిన్నె సరిపోతలేదు, పొయ్యి మీద మన్నువెట్ట, పొంగిపోతున్నది!"

వాళ్ళమ్మ అప్పటిదాక భయం భయంగ ఉన్న మనిషి. పప్పు పొంగుతున్నదని వినంగనే కొంగు నడుముకు చెక్కింది. "ఏవండీ, తాళ్ళు విప్పండి" అన్నది. అంకుల్ కూడ ఇగ ఏం చేస్తడు, లారీ ఎక్కి ముడి విప్పిండు. మామ, ఇంకో ఇద్దరు పోరలు గుండిగను కిందికి దింపిర్రు. దాని మీదున్న పోపు గరిటె ఖంగుమని రోడ్డు మీద పడ్డది. అందరు చప్పట్లు!

పొయ్యి కాడ ఇంకో కథ. ఆంటీ పప్పు రుచి చూసి, "చింతపండు ఇంకొంచెం పడాలండీ" అన్నది.

"మా దిక్కు గింతే ఏస్తం" అన్నది నాయనమ్మ.

"చప్పగా ఉంటుంది కదండీ!"

"పుల్లగైతే పండ్లు జివ్వుమంటయ్ గదమ్మా!"

నడుమ నిలబడ్డ ఆర్టీసీ కండక్టర్ ఒకాయన, సమ్మెల ఉన్నడు, "అమ్మా, గీ పంచాయితి ఢిల్లీ దాక తీసుకపోకుండ్రి. సగం సగం చెయ్యుండ్రి" అన్నడు. పొయ్యి చుట్టున్న ఆడోళ్ళంత నవ్విర్రు. ఆంటీ నవ్వింది. అంకుల్ కూడ. ఆయన నోరు అప్పుడు మామూలు మనిషి నోరైంది. "ఆ పొయ్యి కింద కర్ర ఒకటి తీసెయ్యండమ్మా, అడుగంటుద్ది!" అని గట్టిగ అన్నడు. యాస ఎవ్వలు పట్టిచ్చుకోలే. కర్ర తీసిర్రు.

ఇస్తరాకులు రోడ్డు మీద పరిసిర్రు. విజయవాడ హైవే మీద, తెల్లగీత మీద కూసొని, ఇడ్లీ, నేను పప్పన్నం తిన్నం. కింద డాంబరు కాలుతున్నది, పైన ఎండ, పప్పుల నెయ్యి వాసన. ఒక దిక్కు డప్పులు, ఇంకో దిక్కు తంగేడు పూల బతుకమ్మను నడుమ పెట్టి ఆడోళ్ళు తిరుగుతున్నరు. ఇడ్లీ ఎడమ చేతితోని బుక్కు పేజీలు తిప్పుకుంట, ఒక్కొక్కటి చదువుకుంట, అన్నం మింగుడు మరిసిపోయి నవ్వుతున్నది. బాటనీ రికార్డు పేజీ చూసి, "అయ్యో, అది లారీలోనే ఉందే!" అన్నది.

గులాబీ పేజీ దగ్గర ఆగింది. ఖాళీ. ఎవలిదో ఆమెకు తెల్సు.

గప్పుడే డప్పుల కాడి నుంచి ఒక గొంతు వినబడ్డది. ఆ గొంతు మా ఇద్దరికి తెల్సు. బతుకమ్మ చుట్టు తిరిగే గుంపుల పటాకి ఉన్నది. పాడుకుంట తిరిగి తిరిగి మా దిక్కు వచ్చేసరికి మమ్ములను చూసింది. పాట ఆపింది. ఆమె ఎన్క వచ్చే ఆడామె ఆమెను గుద్దుకున్నది.

పటాకి నడుసుకుంట వచ్చింది. పేలుతది, ఇగ పేలుతది అనుకున్న. ఇడ్లీ ఎంగిలి చెయ్యి అట్లనే పట్టుకొని లేచి నిలబడ్డది.

"మీ అన్నకి చెయ్యి విరిగిందంట. నాకు తెలీదే. నిజంగా తెలీదు."

పటాకి ఇడ్లీ చంకల నుంచి బుక్కు గుంజుకున్నది. "పెన్ను" అన్నది. పెన్ను నా జెడల ఉన్నది, తీసిచ్చిన. రోడ్డు మీదనే గొంతుకూసొని, మోకాలు మీద పెట్టుకొని రాసింది. ఎంత గట్టిగ రాసిందంటే, ఎన్క పేజీల దాక అక్షరాలు దిగినయి.

*కోపం లేదని అబద్ధం రాయను.*
*కోపమున్నది. నువ్వూ ఉన్నవ్.*
*రెండిట్ల ఒక్కటే ఉంచుకో అంటే*
*నిన్నే ఉంచుకుంట.*

ఇడ్లీ చదివింది. ఎంగిలి చెయ్యితోనే పటాకి మెడ పట్టుకున్నది. పటాకి కొత్త ఓణీకంత పప్పు. "ఛీ! పుల్లటి పప్పు పూస్తున్నవ్ గదనే!" అని పటాకి ఒర్లింది. ముగ్గురం ఏడుస్తున్నమో నవ్వుతున్నమో మాకే తెల్వలే.

ఇగ ఆ బుక్కు ఆగలే. నాయనమ్మకు రాయరాదు, "నా పేరు నువ్వే రాయి బిడ్డా" అని ఇడ్లీకే చెప్పి, కింద బొటనవేలుకు పసుపు అంటించి ముద్ర వేసింది. బాసింగం పెళ్ళికొడుకు కారు దిగి "నా పెళ్ళి రోజు నీ బుక్కుల" అని సంతకం పెట్టిండు. కండక్టరాయన చెవి మీది పెన్ను తీసి, టికెట్ చింపినంత సులువుగ రాసిచ్చిండు:

*రైట్ రైట్ అంటే బస్సు పోతది, హోల్డాన్ అంటే ఆగుతది,*
*పోయే బిడ్డను ఆపే మాట ఏ కండక్టర్‌కూ రాదు.*

అంకుల్ అది చదివి, తుండుగుడ్డతోని మొకం తుడుసుకొని, గుండిగ కడిగేదానికి పోయిండు. ఆ గుండిగ అప్పటికే మా ఆడోళ్ళు కడిగిపెట్టిర్రు. ఖాళీగ పంపొద్దని అండ్ల బతుకమ్మ కాడి, రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్దలు పెట్టిర్రు.

పోలీసులు సీటీలు ఊదిర్రు. రోడ్డు తెరిసిర్రు. ఒక్కసారి అన్ని బండ్ల హారన్లు. ఇడ్లీని, ఆంటీని లారీల ఎక్కిచ్చినం. లారీ మెల్లగ కదిలింది. పటాకి, నేను పక్కనుంటు నడుస్తున్నం, చేతులూపుకుంట. గప్పుడు కిటికీల నుంచి ఇడ్లీ మొకం బయటికొచ్చింది, చేతుల బుక్కు, పేజీలు గిరగిర తిప్పుతున్నది.

"రేడియో! నీదేదే? నువ్వు రాయలేదేంటే!"

అప్పుడు తెలిసింది. ఊరంత తిరిగి అందరితోని రాపిచ్చిన నేను రాయలే! రాసేదానికి ఇగ బుక్కు చేతికి రాదు, లారీ ఆగదు. నేను ఉరికిన. లారీ పక్కనుంటు ఉరుక్కుంట, "రాసుకో! నేను చెప్త, రాసుకో!" అని ఒర్లిన. ఇడ్లీ పెన్ను మూత పండ్లతోని తీసింది.

ఏం చెప్పాలో ముందుగాల అనుకోలే. నోటికి వచ్చింది ఒర్లిన. "లారీ పోతే పోనీ, రోడ్డు ఈడనే ఉంటది!" ఆమె వంగి రాసింది. "రోడ్డు ఉన్నన్ని దినాలు మా ఇల్లు ఈడనే ఉంటది!" లారీ జోరందుకున్నది. నాకు ఊపిరి అందుతలేదు, చెప్పు తెగింది. "ఇల్లున్నన్ని దినాలు నేను..."

గంతే. ఎన్క ఇసుక లారీ హారన్ కొట్టుడు ఆపలే. పటాకి నా చెయ్యి పట్టి పక్కకు గుంజింది. ఇడ్లీ చెయ్యి చిన్నగైంది, ఇడ్లీ పాత్ర తళుక్కుమన్నది, లారీ వంపు తిరిగింది.

ఊరు చేరినంక రాత్రి ఇడ్లీ వాళ్ళ నాయిన ఫోనుకెల్లి నాకు చేసింది. "నీ పేజీ చదవనా?" అన్నది. లారీ ఊగుతుంటే రాసిందట, అక్షరాలు తేళ్ళు పాకినట్టున్నయట. రెండు లైన్లు నా మాటలే చదివింది. మూడోది, నేను ఆగిన కాడి నుంచి, ఆమె సొంతంగ రాసుకున్నదట. కొంచెం ఆగి చదివింది:

*ఇల్లున్నన్ని దినాలు నేను వస్తూనే ఉంటాను, గడియ పెట్టకు.*

నా "నేను"ను ఆమె తన "నేను" చేసుకున్నది. నేను ఫోన్ పట్టుకొని ఊకున్న. రేడియో బతుకుల ఊకున్న సందర్భాలు తక్కువ.

ఆమె వచ్చింది. ఏండ్లు పట్టలే. వచ్చే ఎండకాలం దాటంగనే వచ్చింది. సీటు రాలేదని వాళ్ళ నాయిన లాంగ్ టర్మ్ కోచింగ్‌కు దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్‌లనే చేర్పిచ్చిండు. "కోచింగంటే దిల్‌సుఖ్‌నగరేనమ్మా" అన్నడు మా నాయినతోని, ఏం జరగనట్టు. ఆ తర్వాత తెలంగాణ వచ్చింది. పటాకి వాళ్ళన్న చెయ్యి అతికింది గని వానకాలం ఇప్పటికీ గుంజుతదట. పటాకి గవర్నమెంటు టీచరైంది, పిల్లలు ఆమెకు ఏం పేరు పెట్టుకున్నరో తెల్వదు గని, పటాకి అనే అనుకుంట. ఇడ్లీ లగ్గం విజయవాడల అయ్యింది, మేము ఇద్దరం పోయి వారం ఉన్నం. నాయనమ్మ పోయినప్పుడు ఆమె అందరికంటె ముందు వచ్చింది. ఆ బుక్కు ఇప్పటికీ ఆమె దగ్గరనే ఉన్నది. అండ్ల నా పేజీ మాత్రం నా చేతిరాత గాదు.

మొన్న మలక్‌పేట దాటినంక ఎక్కడనో దిగి, ఇంకో రైలు పట్టుకొని తిరిగొచ్చిన. ఎల్బీనగర్‌ల దిగి, మెట్ల మీదికెల్లి చౌరస్త దిక్కు చూసిన. ఆ తెల్లగీత ఏడుండెనో లెంకిన. జాడ దొరకలే. కిందికెల్లి ఒక దారి, మీదికెల్లి ఒక దారి, దాని మీదికెల్లి ఇంకొకటి. నేను చూస్తుండంగనే సామాన్ల లారీ ఒకటి ఫ్లైఓవర్ ఎక్కి, రెప్పపాటుల విజయవాడ దిక్కు దిగి పోయింది. మంచిదే, ఎవలికీ పరేషాన్ లేదు. గని, ఆనాడు కూడ గిట్లనే ఉండి ఉంటే, మా ఇడ్లీ లారీ ఈడ ఆగకపోయేది.